పక్షమూ లేదు, పట్టింపూ లేదు

మా ఎజాక్రోమ్ తీరంలో ఎఫువా టెచివా చేతి కెంకీ తినని నోరు లేదు. మొక్కజొన్న పిండి పులియబెట్టి, ఎండిన అరటాకుల్లో చుట్టి ఉడకబెట్టడం ఊళ్ళో ప్రతి ఆడదానికీ వచ్చు. కానీ ఎఫువా చుట్టిన ఆకు విప్పితే వచ్చే పుల్లటి వాసనకే, రాత్రంతా అలల మీద నడుము విరగ్గొట్టుకుని వచ్చినవాడికి సగం అలుపు తీరిపోతుంది. మిగతా సగం నూరిన మిరపముద్దా, పక్కనే అరబా మన్సా పొగపొయ్యి మీద నుంచి తెచ్చుకున్న కవళ్ళ చేపలూ తీరుస్తాయి.

ఇంత రుచి తెలిసిన మనిషికి కుండ అవతల ప్రపంచం ఒకటుందన్న సంగతి మాత్రం తెలియదు. తెలియదనడం కూడా తప్పే. తెలుసు, పట్టదు. "నాకేం పట్టింది" అన్నది ఆమె ఊతపదం. మా ఊళ్ళో పాతకాలపు యుద్ధాల నాటి నుంచి రెండు దళాలున్నాయి. ఒక దళం జెండా వంక ఇంకో దళంవాడు అదోలా చూస్తే చాలు, తలలు పగులుతాయి. దానికి తోడు రెండు పార్టీలు, రెండు ఫుట్‌బాల్ జట్లు. పుట్టిన ప్రతి బిడ్డా ఏదో ఒకవైపు ఏడుస్తూనే పుడుతుంది. ఎఫువా మాత్రం ఎటూ కాదు. ఎన్నికలప్పుడు రెండు పార్టీలవాళ్ళూ తమ నాయకుల బొమ్మలేసిన చొక్కాలు పంచితే రెండూ తీసుకుంది. ఒకదాంతో వేడి కుండ దించింది, ఇంకోదాంతో బల్ల తుడిచింది. ఇద్దరూ వచ్చి చూసి, తమ నాయకుడికే ఎక్కువ గౌరవం దక్కిందని సంతోషపడి వెళ్ళారు.

చేపల వెంట ఐవరీ కోస్ట్ వెళ్ళిన మొగుడు అక్కడే ఇంకొకామెను చేసుకున్నాడని కబురొచ్చినప్పుడు కూడా అంతే. కబురు తెచ్చినవాడు ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసుకొచ్చాడు. "అక్కడ కెంకీ బాగుండదు," అని మాత్రం అని, ఎఫువా పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఆ రోజు నుంచే ఆమె అలా అయిపోయిందని కొందరంటారు. నేను నమ్మను. అంతకుముందూ అంతే. మొగుడు వెళ్ళడానికి అదీ ఒక కారణమేమో.

ఇటువంటి మనిషి మా ఊరికి న్యాయం చెప్పే మనిషి ఎలా అయిందో చెప్పాలి. అందులో ఆమె తప్పేమీ లేదు. తప్పంతా పెద్దల ఆకలిది.

మంగళవారం మా వాళ్ళెవరూ పడవ నీళ్ళలోకి దించరు. ఆ రోజు సముద్రానికి సెలవు. మగవాళ్ళు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఆ పని అయ్యాక తగాదాలు తీర్పుకి తెస్తారు. తీర్పు చెప్పేది జాలరిపెద్ద కొబినా ఎవుసి, ఆయన చుట్టూ కూర్చునే పెద్దలు. రెండు పక్షాలూ చెరో జిన్ను సీసా ముందు పెట్టాలి. పూర్వీకుల కోసం కాస్త నేల మీద ఒంపి, తక్కినది పెద్దలు పుచ్చుకుంటారు. పూర్వీకులకు ఎప్పుడూ చుక్కలే దక్కుతాయి. పాపం, వాళ్ళు ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు.

వాదనలయ్యాక పెద్దలు లేచి, "ముసలమ్మని అడిగి వస్తాం," అంటారు. మా వైపు ఏ పంచాయతీలోనైనా అనే మాటే ఇది. నిజానికి ముసలమ్మ ఎవరూ ఉండదు. ఓ పక్కకి వెళ్ళి గుసగుసలాడుకుని, తిరిగొచ్చి, "ముసలమ్మ ఇలా అంది," అని తీర్పు చెబుతారు. ఓడినవాడు పెద్దల మీద కోపం పెట్టుకోకుండా, లేని ముసలమ్మని తిట్టుకుంటూ ఇంటికి పోతాడు. చాలా తెలివైన ఏర్పాటు. మా తాతముత్తాతలు ఊరికే అనలేదు ఆ మాట.

మా ఊరి పెద్దలు గుసగుసలాడుకోవడానికి వెళ్ళే చోటు చావడి వెనకే, అక్కడి మాటలు వినబడేంత దగ్గర్లో ఉన్న ఎఫువా పెరడు. అక్కడ వేపచెట్టు నీడ ఉంది, బల్ల ఉంది, ఆవిరి కక్కే కుండ ఉంది. ఎఫువా వాళ్ళ వైపు చూసేది కాదు. ఆకులు చుట్టుకుంటూ ఉండేది.

ఒక మంగళవారం బావా బావమరుదుల మధ్య పడవ ఇంజను తగాదా వచ్చింది. పెద్దలు సగం మంది బావ అన్నారు, సగం మంది బావమరిది అన్నారు. ఎండ నెత్తికెక్కింది. కొబినా ఎవుసికి ఆకలి దంచేస్తోంది. విసిగిపోయి, "ఏమే ఎఫువా, ముసలమ్మ ముసలమ్మ అని ఊరికే అనడమెందుకు, నువ్వున్నావు కదా! నువ్వే చెప్పు, ఇంజను ఎవడికిద్దాం?" అన్నాడు నవ్వుతూ.

"ఎవడు ఎక్కువ అరుస్తున్నాడో వాడికి ఇవ్వకండి. వాడి గోలకి నా చెవులు పోయాయి. ఇక లేవండి, ఆ బల్ల నాకు కావాలి," అంది ఎఫువా తల ఎత్తకుండా.

పెద్దలు అలాగే తీర్పు చెప్పారు. మర్నాడు ఆ అరిచినవాడి సొంత పెళ్ళామే వచ్చి, వాడు చెప్పిందంతా అబద్ధమని ఒడ్డు మీద అందరికీ చాటింది. అంతే, పేరు పుట్టుకొచ్చింది. పక్క ఊళ్ళలో ముసలమ్మ మాటవరసకే, మా ఊళ్ళో నిజంగానే ఉందిరోయ్ అని మావాళ్ళు గొప్పలు పోయారు. అప్పటి నుంచి పెద్దలు వాదించుకోవడం మానేశారు. పెరట్లోకి రావడం, కెంకీ తినడం, ఎఫువాని అడగడం. ఆమెకి కావలసిందల్లా వాళ్ళు బల్ల ఖాళీ చెయ్యడం. నోటికొచ్చింది ఏదో ఒకటి అనేది. కొన్ని సరిగ్గా తగిలాయి. తగలనివి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆమెకి కష్టం కలిగించింది ఒక్కటే. "ముసలమ్మేంటి, ముసలమ్మ! నాకింకా పళ్ళన్నీ ఉన్నాయి. మీ అమ్మల్ని పిలుచుకోండి అలా," అని గరిటె చూపించేది. ఎవరూ వినలేదు.

అడ్డు చెప్పింది హైజెల్ మాస్టారొక్కడే. జీవితమంతా పిల్లలకి ఇంగ్లీషు చెప్పి, బడి వదిలాక పిల్లలు దొరక్క పెద్దలకి చెబుతున్న మనిషి ఆయన. జాలరిపెద్ద దగ్గర రాతపని చూస్తాడు. ఒకరోజు అదే వేపచెట్టు కింద, చేతిలో కెంకీ పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"పెద్దయ్యా, ఇది పద్ధతి కాదు. న్యాయం చెప్పేవాళ్ళు డిస్‌ఇంటరెస్టెడ్‌గా ఉండాలంటారు ఇంగ్లీషులో."

"ఉందిగా మరి! దీనికి దేని మీదా ఇంటరెస్ట్ లేదు," అన్నాడు కొబినా ఎవుసి.

"మీరనేది అన్‌ఇంటరెస్టెడ్. రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ ఒక కడుపున పుట్టినవి కావు. మొదటిది, ఎవరు గెలిచినా తనకి ఒరిగేదేమీ లేని మనిషి. పక్షం లేని మనిషి. రెండోది, అసలు వినే ఓపికే లేని మనిషి. పట్టింపు లేని మనిషి."

"రెండూ లేకపోవడమేగా! తేడా ఏముంది మాస్టారూ?"

"తేడా లేకపోవడమేంటి! మీ పన్ను పీకేవాడికి మీ పడవలో వాటా ఉండకూడదు. అలాగని పన్ను పీకుతూ కిటికీలోంచి ఫుట్‌బాల్ చూడకూడదు కదా!"

పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు. కొబినా ఎవుసి కళ్ళు తుడుచుకుని, "మాస్టారూ, ఎఫువాకి పక్షమూ లేదు, పట్టింపూ లేదు. మీరు ఒకటి అడిగారు, దేవుడు రెండిచ్చాడు. కూర్చోండి," అన్నాడు.

ఎఫువా ఇదంతా వింది, అంటే చెవుల్లో పడింది. "మాస్టారూ, నిలబడే తింటారా, మిరపముద్ద వెయ్యనా?" అంది.

వెయ్యమన్నాడాయన. ఓడినా ఆకలి ఆకలే.

ఇలా కొన్నాళ్ళు గడిచాక పాస్టర్ ఎడుఫుల్‌కీ అరబా మన్సాకీ తగాదా వచ్చింది.

పడవలు ఒడ్డుకి తగిలే చోట అరబా పొగపొయ్యిలు ఉన్నాయి. గుండ్రటి మట్టి పొయ్యిలు, నిలబడితే నడుముదాకా వస్తాయి. వాళ్ళమ్మ కట్టినవి. పడవ దిగిన చేప దిగినట్టే తీసుకుని, కడిగి, తీగల జల్లెడ మీద పరిచి పొగబెడుతుంది. పాస్టర్ ఎడుఫుల్ మొన్నీమధ్య వచ్చి, ఆ పక్కన ఖాళీ ఉందని చర్చి కట్టాడు. లౌడుస్పీకర్లు పెట్టాడు. మంచి గొంతు ఆయనది, మనిషి కూడా చెడ్డవాడు కాదు. సాయంత్రం ప్రార్థన మొదలయ్యే వేళకే గాలి సముద్రం మీద నుంచి ఊళ్ళోకి తిరుగుతుంది. పొగ తిన్నగా చర్చిలోకి పోతుంది.

మంగళవారం చావడిలో పాస్టర్ గంటసేపు మాట్లాడాడు. హల్లెలూయా మధ్యలో పాటగాళ్ళు దగ్గుతున్నారని చెప్పాడు. తెల్ల అంగీలు ఉతికినా కవళ్ళ కంపు పోవడం లేదన్నాడు. కొత్తగా వచ్చిన విశ్వాసులు కళ్ళు మూసుకుని ప్రభువుని కాక రాత్రి భోజనాన్ని ధ్యానిస్తున్నారని వాపోయాడు. తరవాత అరబా లేచింది. జనంలో మాట్లాడి ఎరగని మనిషి. పమిట కొంగులాగా భుజం మీద వేసుకున్న గుడ్డ అంచుని పిండుతూ, తడబడుతూ, ఏడ్చి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, చెప్పాలనుకున్నదంతా చెప్పింది.

పెద్దలు ముసలమ్మని అడగడానికి పెరట్లోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే కుండ పొంగింది.

"ఎఫువా, పొయ్యి ఉంచమందామా, తీసెయ్యమందామా?"

"తీసెయ్యమనండి," అంది ఎఫువా, పొంగు మీద నీళ్ళు చిలకరిస్తూ. "మట్టేగా! ఇంకోచోట కట్టుకుంటుంది. జరగండి జరగండి, కాళ్ళ మీద పడుతుంది!"

వచ్చే మంగళవారంలోగా పొయ్యిలు పగలగొట్టి, ఉప్పుటేరు అవతల కట్టుకోవాలని ముసలమ్మ అంది. అదీ తీర్పు.

ఆ సాయంత్రం అరబా ఎఫువా పెరట్లోకి వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమోనని బల్ల మీద తింటున్నవాళ్ళు నోరాపి చూశారు. తిట్టలేదు. ఎఫువాకి ఎదురుగా, నేల మీద కూర్చుంది.

"అక్కా, పొమ్మన్నావు, పోతాను. నీ మాట నేను కాదనను. ఒక్కటి చెప్పు చాలు. నేను అంతసేపు చెప్పానే, అందులో నీకు తప్పనిపించింది ఏది?"

ఎఫువా చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"ఏరు అవతలికి మోసుకెళ్ళేలోగా చేప మెత్తబడిపోతుందన్నాను. అది అబద్ధమనుకున్నావా? మా అమ్మ కట్టిందన్నాను, అది తప్పా? ఏడిచానని కోపమొచ్చిందా? అరబా, నువ్వన్న ఫలానా మాట తప్పు అని చెప్పు. నాకు నిద్ర పడుతుంది."

ఎఫువా వెతుక్కుంది. ఎంత వెతికినా అరబా మాట ఒక్కటి కూడా గుర్తు రాలేదు. కుండ పొంగింది గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమెకి ఒకరి ముందు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఆలోచించి చెబుతాలే," అంది. అరబా ఆ మాటకే దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం ఎఫువాకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు ఎఫువా ఆ ఒక్క రోజుకీ కెంకీ కుండ అక్క కూతురికి అప్పజెప్పి, వెళ్ళి అరబా పొయ్యిల దగ్గర కూర్చుంది. ఊరు ముక్కున వేలేసుకుంది. పడవలు రావడం, ఆడవాళ్ళు తట్టలతో మోకాటి లోతు నీళ్ళలోకి పరిగెత్తడం, ముందు చేరినవాళ్ళకే మంచి చేప దొరకడం అంతా చూసింది. ఇన్నేళ్ళుగా ఇదంతా ఆమె గుమ్మం ముందే జరుగుతోంది. "రోజూ ఇలాగేనా?" అని అడిగింది. అరబా జల్లెడ మీద చేప తిప్పుతూ, అవునక్కా అంది.

సాయంత్రం అక్కడి నుంచి లేచి తిన్నగా చర్చిలోకి వెళ్ళి, కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుంది. పాస్టర్ ఎడుఫుల్ గుండె ఉప్పొంగిపోయింది.

"హల్లెలూయా! చూడండి సోదరులారా! మన ఊరి ముసలమ్మ ప్రభువు దగ్గరికి వచ్చింది!" అని లౌడుస్పీకర్లో ఊరంతా వినబడేలా అరిచాడు.

"నేను పొగ దగ్గరికి వచ్చాను, అయ్యగారూ. మీరు కానివ్వండి," అంది ఎఫువా. అదీ ఊరంతా వినబడింది.

రెండో పాట సగంలో ఉండగా పొగ వచ్చింది. నిజంగానే వచ్చింది. ఎఫువా కళ్ళు మండాయి. పాటగాళ్ళ వరుసలో చివరున్న ముసలావిడ ఒకామె గోడకి చేరబడి, ఊపిరి అందక ఈల వేసినట్టు దగ్గింది. పాస్టర్ పాట ఆపకుండానే వెళ్ళి ఆమె వీపు నిమిరాడు. ఎఫువా అది కూడా చూసింది. ఇక్కడే వచ్చింది పెద్ద చిక్కు. వినకపోతే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. వినడం మొదలుపెట్టేసరికి ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు తేలింది. ఆ వారమంతా ఎఫువా పిండిలో ఉప్పు వెయ్యడం మరచిపోయింది. తిన్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు.

సోమవారం జాలరిపెద్ద ఇంటికి వెళ్ళింది. అక్కడ హైజెల్ మాస్టారు కూడా ఉన్నాడు.

"పెద్దయ్యా, ఆ తీర్పు వెనక్కి తీసుకోండి. నేను ఆ రోజు ఏమీ వినలేదు. కుండ పొంగుతోంది."

కొబినా ఎవుసి ఉలిక్కిపడ్డాడు. "వెనక్కా? ముసలమ్మ మాట వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉందా? జిన్ను కూడా తాగేశాం. కక్కమంటావా ఏంటి?"

"కొత్త సీసాలు నేను పెడతాను. రెండు వైపులవీ నేనే పెడతాను."

జాలరిపెద్ద మొహంలో న్యాయబుద్ధి కాస్త మేలుకుంది. "ముసలమ్మ మాట ముసలమ్మే తిప్పాలి. మేం వేలు పెట్టం. నువ్వే కూర్చుని, నువ్వే విని, నువ్వే చెప్పుకో. లేదంటే పాత మాటే నిలుస్తుంది. రేపటితో గడువు," అన్నాడు.

"అలాగే వింటాను."

అప్పుడు హైజెల్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అలా తుడుచుకుంటే మంచిది కాదని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. "ఎఫువా, ఒక్క ప్రశ్న. అరబా అవతలికి పోతే నీకేమైనా నష్టమా?"

ఎఫువా ఎప్పుడూ ఆలోచించని సంగతి అది. పడవ దిగినవాడు అరబా దగ్గర చేప కొని, పక్కనే ఎఫువా బల్ల మీద కూర్చుని కెంకీ విప్పుతాడు. ఇన్నేళ్ళుగా అదే నడక. చేప ఏరు దాటితే ఆ జనం కూడా దాటతారు.

"సగం బేరం పోతుంది," అంది మెల్లగా.

"అదీ! ఇప్పుడు నీకు పట్టింపు వచ్చింది, సంతోషం. కానీ పక్షం కూడా ఉందని బయటపడింది. పాస్టర్ వదలడు. వదలకూడదు కూడా."

ఎఫువాకి ఒళ్ళు మండింది. "ఇదెక్కడి న్యాయం మాస్టారూ! ఏమీ వినకుండా నోటికొచ్చింది వాగినన్నాళ్ళూ నన్ను నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు నిద్ర మానుకుని, కళ్ళు మండించుకుని, ఇద్దరి మాటా గుండెలో పెట్టుకుని వస్తే, నువ్వు పనికిరావు పొమ్మంటారా?"

"నేను పొమ్మనడం లేదు. అడిగేవాడు అడుగుతాడంటున్నాను. నువ్వేం చెబుతావో చూసుకో," అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

మంగళవారం చావడి నిండిపోయింది. వలలు బాగుచెయ్యాల్సినవాళ్ళు కూడా వలలు వదిలేసి వచ్చారు. ముసలమ్మ పెరట్లోంచి బయటికొచ్చి, జనం ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చోవడం అంతకుముందెవరూ చూడలేదు. పాస్టర్ మళ్ళీ గంటసేపు మాట్లాడాడు. ఎఫువా మధ్యలో ఆపి, ఆ దగ్గే పెద్దావిడకి ఎన్నాళ్ళ నుంచి ఆయాసం అని అడిగింది. అరబా మాట్లాడింది. ఈసారి తడబడినచోట, "నెమ్మదిగా చెప్పు, నేనెక్కడికీ పోవడం లేదు," అంది ఎఫువా. పెరట్లో కుండ మాడిన వాసన వచ్చింది. అందరూ ముక్కులు ఎగబీల్చారు. అక్క కూతురు పరిగెత్తింది. ఎఫువా అటు తిరగలేదు.

ఇద్దరి మాటలూ అయ్యాక, హైజెల్ మాస్టారు అనుకున్నట్టే పాస్టర్ లేచాడు.

"పెద్దలకు వందనం. నేను ఆమెని ఒక్క మాట అనను. కానీ అమ్మా, నీ కెంకీకీ ఆ కవళ్ళకీ పెళ్ళి జరిగి ఎన్నేళ్ళయిందో ఈ ఊరందరికీ తెలుసు. పెళ్ళాన్ని ఊరు దాటించమంటే మొగుడి తరపు చుట్టం ఒప్పుకుంటుందా?"

జనం గొల్లుమన్నారు. పాస్టర్ వైపువాళ్ళు ఆమెన్ అన్నారు. కొబినా ఎవుసి ఏదో సర్దబోయాడు గానీ ఎఫువా చెయ్యి ఎత్తింది.

"అయ్యగారన్నది నిజం," అంది. "ఆ పొయ్యి పోతే నా బేరం సగం పోతుంది. నిన్నటిదాకా ఆ సంగతి నాకే తెలీదు. ఇప్పుడు తెలిసింది. తెలిసి కూడా ఇక్కడ కూర్చుని ఆ పొయ్యి ఉండాలి అంటే, అరబా కూడా నన్ను నమ్మకూడదు."

ఆగింది. వెనక్కి తిరిగి తన పెరడు వైపు చూసింది. వేపచెట్టు, బల్ల, నల్లబడిన పొయ్యి రాళ్ళు. ఆమె పెద్దదైంది అక్కడే.

"రేపు తెల్లారి నా కుండ, నా బల్ల ఉప్పుటేరు అవతలికి పోతున్నాయి. అరబాని పొమ్మన్నానే, ఆ చోటికే. ఇక ఇక్కడ పొయ్యి ఉన్నా నాకు వచ్చేది లేదు, పోయినా నాకు పోయేది లేదు. సరేనా అయ్యగారూ? ఇంకేమైనా అడుగుతారా?"

పాస్టర్ ఇంకేమీ అడగనన్నట్టు తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. ఆయన అలా చెయ్యడం మా ఊళ్ళో అదే మొదలు.

"అయితే వినండి. పొయ్యిలు ముందు వచ్చాయి, చర్చి తరవాత వచ్చింది. పొయ్యిలు ఉంటాయి. కానీ పొగ లోపలికి వస్తోంది, ఆ పెద్దావిడ ప్రాణం మీదికొస్తోంది, అదీ నా కళ్ళతో చూశాను. అరబా, ప్రార్థన ఉన్న సాయంత్రాలు, అది అయ్యేదాకా నువ్వు నిప్పు రాజెయ్యకూడదు. చేప ఉప్పులో పెట్టుకో. కొంచెం పాడవుతుంది. పాడవనీ. అయ్యగారూ, పొయ్యిల వైపు కిటికీలు మీరు మూయించండి, వెనకవైపు తెరిపించుకోండి. మీకూ కొంచెం ఖర్చవుతుంది. అవనీ. ముసలమ్మ చెప్పింది ఇది."

ఆ పేరు ఆమె నోటే రావడంతో ఎవరికీ నవ్వు రాలేదు. పాస్టర్ లేచి, "నేను ఓడిపోయానో గెలిచానో నాకర్థం కావడం లేదు గానీ, నా మాట ఒక్కటి కూడా కింద పడలేదు," అని కూర్చున్నాడు. హైజెల్ మాస్టారు కళ్ళజోడు తీశాడు, తుడుచుకోకుండానే పెట్టుకున్నాడు. కొబినా ఎవుసికి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. "ఉప్పుటేరు అవతలికా! మంగళవారం మంగళవారం అంత దూరం ఈ మోకాళ్ళతో ఎలా రావాలే, ఎఫువా?" అన్నాడు.

"మెల్లగా రండి. దారిలో మీలో మీరు మాట్లాడుకుంటూ రండి," అంది ఎఫువా.

తెల్లవారి కుండ మోయడానికి అరబా వచ్చింది. పిలవలేదు, వచ్చింది. ఒక చెవి ఎఫువా, ఒక చెవి అరబా పట్టుకుని, పోటు దిగిన వేళ చూసుకుని ఏట్లో దిగారు. అవతలి ఒడ్డున ఇసుక, నాలుగు కొబ్బరిచెట్లు, ఒక విరిగిన పడవ తప్ప ఏమీ లేవు. కొనేవాడు కాదుగదా, అటువైపు చూసేవాడు కూడా కనబడలేదు.

సగం ఏరు దాటాక అరబా ఇంక ఉండబట్టలేకపోయింది. "అక్కా, నా గురించి ఇంత చేశావు. నీ బేరమంతా పోయింది కదా!"

"నీ గురించి చెయ్యలేదే. నువ్వు ఓడాల్సి ఉంటే ఓడించేదాన్నే," అంది ఎఫువా. నాలుగడుగులు వేశాక, "ఆ రోజు నువ్వు అడిగావు చూడు, నీ మాటల్లో తప్పు ఏది అని. ఏదీ లేదు. నేను వినలేదు, అంతే," అంది.

అరబా కుండ చెవి చెయ్యి మార్చి పట్టుకుంది. ఇంకాస్త ముందుకెళ్ళాక, "అక్కడ్నుంచి వచ్చేసినందుకు బాధగా లేదా అక్కా?" అని అడిగింది. నాకేం పట్టింది అంటుందేమో, అంటే బాగుండునేమో అనుకుంది.

"ఎందుకు లేదు? చాలా బాధగా ఉంది," అంది ఎఫువా. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు. "కుండ అటు వంచకు. కాస్త ఎత్తి పట్టుకో, ఇక్కడ లోతు."